మట్టిదారి సైకిల్ – 4వ పాఠం: టైరు ఎంత వెడల్పు ఉండాలి?

పోయిన మూడు పాఠాల్లో సీటు ఎత్తు, గేర్లు మార్చడం, బ్రేకు పట్టడం చూశాం. ఈ వారం తొక్కే పని లేదు. ఒక స్కేలు, 6 మి.మీ. అలెన్ కీ, తడిగుడ్డ దగ్గర పెట్టుకుని సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టండి. ఒక గంట పడుతుంది.

షాపుకెళ్లి "అన్నా, కొంచెం లావు టైరు ఇవ్వు" అని అడిగేవాళ్లు చాలామంది. ఒకప్పుడు నేనూ అలాగే అడిగాను. లావు టైరు చూడ్డానికి బాగుంటుంది, రాళ్ల మీద భయం కూడా తగ్గుతుంది. అయినా వెడల్పు తేల్చేటప్పుడు ముందు రిమ్‌ను అడగాలి, ఆ తర్వాత ఫ్రేమును, ఆ పైన మనం తిరిగే నేలను. మన ముచ్చట ఆఖరున. ఈ వరస తప్పితే టైరు ఇంటికొచ్చాక వెనక్కి ఇవ్వలేక, వాడలేక మూల పడేస్తాం. పాఠం కూడా ఇదే వరసలో చెబుతాను.

టైరు మీద ఏం రాసుంది?

టైరు పక్క భాగాన్ని తడిగుడ్డతో తుడవండి. దుమ్ము పోతే ఉబ్బెత్తు అక్షరాలు కనిపిస్తాయి. ఒకచోట 29 x 2.25 అనో, 27.5 x 2.10 అనో ఉంటుంది; మొదటిది చక్రం సైజు, రెండోది టైరు వెడల్పు, రెండూ ఇంచీల్లో. ఇంకొంచెం తిప్పితే చిన్న అక్షరాల్లో 57-622 లాంటి అంకె దొరుకుతుంది. మనకు కావాల్సింది ఈ చిన్న అక్షరాల అంకె. 57 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 622 అంటే టైరు అంచు రిమ్ మీద కూర్చునే చోట వ్యాసం, అదీ మిల్లీమీటర్లలోనే. 29 ఇంచీల చక్రానికి 622, 27.5కి 584, 26కి 559. ఈ మూడూ గుర్తుంచుకుంటే చాలు.

ఇంచీలనే నమ్ముకుంటే ఎక్కడ దెబ్బ తింటామో చూడండి. మౌంటెన్ బైక్‌కు వచ్చే 26 x 1.95 టైరు 559 రకం. పాత తరహా సైకిళ్లకు వచ్చే 26 x 1 3/8 టైరు 590 రకం. రెండిటి మీదా 26 అనే ఉంటుంది, ఒకదాని రిమ్‌కు ఇంకోటి పట్టదు. ఫోన్లో టైరు చెప్పి తెప్పించుకునేటప్పుడు 57-622 లాంటి అంకె కూడా చదివి వినిపించండి.

ఇంకో సంగతి. టైరు మీద 57 అని రాసున్నంత మాత్రాన అది కచ్చితంగా 57 ఉండదు. అదే టైరును ఇరుకు రిమ్‌కు వేస్తే సన్నబడుతుంది, వెడల్పు రిమ్‌కు వేస్తే పరుచుకుంటుంది. రిమ్ లోపలి వెడల్పు 5 మి.మీ. పెరిగితే టైరు సుమారు 2 మి.మీ. లావవుతుంది. పైగా కొత్త టైరు గాలి నింపిన ఒకటి రెండు రోజుల్లో కాస్త సాగుతుంది. అందుకే కొత్త టైరు వేసిన పూటే కొలిచి నిశ్చింతగా ఉండకండి. మూడో రోజు మళ్లీ కొలవండి.

రిమ్ లోపలి వెడల్పు

రిమ్ మీద స్టిక్కర్ ఉంటే పని సులువు. 584 x 25 అని ఉంటే ఆ 25 లోపలి వెడల్పు. స్టిక్కర్ ఊడిపోయుంటే గాలి తీసి, టైరును ఒక పక్కకు నెట్టి, రిమ్ రెండు గోడల మధ్య స్కేలు పెట్టి కొలవండి. గోడల మందం కలపకూడదు. బయటి నుంచి మాత్రమే కొలవగలిగితే వచ్చిన దాంట్లోంచి సుమారు 5 మి.మీ. తీసేయండి, దగ్గరి అంచనా వస్తుంది.

లోపలి వెడల్పు 19 నుంచి 21 మి.మీ. ఉంటే 1.95 నుంచి 2.25 ఇంచీల దాకా టైరు బాగా కూర్చుంటుంది. 25 ఉంటే 2.25, 2.35, 2.4 సరిపోతాయి. 30 ఉన్నప్పుడే 2.4, 2.6ల మాట ఎత్తాలి. 2.8 వేయాలంటే 35 ఉంటే మంచిది. మన దగ్గర తక్కువ ధరకు దొరికే సైకిళ్లలో రిమ్ ఇరుకుగానే ఉంటుంది. కాబట్టి మీలో చాలామందికి జవాబు ఇక్కడే సగం తేలిపోతుంది.

ఇరుకు రిమ్‌కు లావు టైరు వేస్తే ఏమవుతుంది? మూతి చిన్నదై పొట్ట పెద్దదైన కుండలా తయారవుతుంది. నేరుగా పోతున్నంతసేపూ ఏమీ తెలియదు. దిగుడులో మలుపు తిప్పగానే టైరు పైభాగం ఒక పక్కకు, రిమ్ ఇంకో పక్కకు జరుగుతున్నట్టు ఉంటుంది. చేతుల్లోకి ఒక రకమైన మెత్తటి ఊగుడు వస్తుంది. దాన్ని తగ్గించుకోవడానికి మనం గాలి ఎక్కువ కొడతాం. గాలి ఎక్కువైతే లావు టైరు కొన్న ప్రయోజనమే పోతుంది. అటువైపు వెడల్పు రిమ్‌కు సన్న టైరు వేస్తే టైరు నెత్తి బల్లపరుపుగా మారి, పక్క బటన్లు, అంటే నేలను పట్టే ఉబ్బెత్తు ముక్కలు, పైకి లేచిపోతాయి. మలుపులో పట్టు దొరకాల్సిన చోట దొరకదు, రాయి తగిలితే దెబ్బ రిమ్‌కే.

ఫ్రేములో ఖాళీ

ఇప్పుడు అలెన్ కీ తీయండి. వెనక చక్రానికి అటూ ఇటూ ఉండే పైపులను, అంటే చైన్‌స్టేలను చూడండి. పెడల్ ఇరుసు వైపు అవి దగ్గరికి వస్తాయి. అక్కడ టైరు బటన్‌కూ పైపుకూ మధ్య 6 మి.మీ. కీని నిలువుగా పెట్టి చక్రాన్ని మెల్లగా తిప్పండి. ఒక చుట్టు పూర్తిగా తిరిగేలోపు కీ ఎక్కడా బిగుసుకోకూడదు. చక్రంలో కొంచెం వంకర ఉంటే ఏదో ఒకచోట రాసుకుంటుంది, ఆ చోటునే లెక్కలోకి తీసుకోండి. రెండు పక్కలా ఇదే చేయాలి. పైన సీటు పైపు దగ్గర, ముందు గేరు మార్చే డీరెయిలర్ దగ్గర కూడా చూడండి.

వెడల్పు పెరిగితే టైరు ఎత్తూ పెరుగుతుందని మరిచిపోవద్దు. ముందు చక్రాన్ని పట్టుకుని కుదుపు తగ్గించే సస్పెన్షన్ ఫోర్కు ఉన్నవాళ్లు దాన్ని పూర్తిగా నొక్కి చూడాలి. గాలి ఫోర్కైతే గాలి తీసేసి నొక్కవచ్చు. అంతా దిగినప్పుడు టైరు పైన ఫోర్కు క్రౌన్‌కు, అంటే ఫోర్కు రెండు కాళ్లనూ కలిపే భాగానికి తగిలితే, దిగుడులో పెద్ద గుంత తగిలిన క్షణాన ముందు చక్రం ఆగిపోతుంది. మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతాడు. ఈ ఒక్క పరీక్ష మాత్రం ఎవరూ మానవద్దు.

నా సంగతి చెబుతాను. నా 27.5 సైకిల్‌కు రిమ్ లోపల 21 మి.మీ. దానికి నేను 2.4 వేశాను. ఇంట్లో తిప్పితే హాయిగా తిరిగింది, వెనక పక్కల చెరో 3 మి.మీ. ఖాళీ ఉంది కదా అనుకున్నాను. వారం తర్వాత, వాన వెలిసిన పొద్దున, వికారాబాద్ దగ్గర చేల మధ్య బండి బాట పట్టాను. నల్లరేగడి. వంద గజాలు పోయానో లేదో వెనక చక్రం బరువెక్కింది, కాసేపటికి తిరగడం మానేసింది. టైరుకు అంటుకున్న మట్టి చైన్‌స్టేల మధ్య ఇరుక్కుని ఇటుకలా అయిపోయింది. కందిపుల్ల విరిచి గీకాను. మళ్లీ యాభై గజాలు, మళ్లీ గీకడం. చివరికి సైకిల్ భుజాన వేసుకుని తారు రోడ్డు దాకా నడిచాను. ఇంటికొచ్చి కడిగితే చైన్‌స్టే లోపలి పక్క రంగు పోయి అల్యూమినియం తేలింది. ఇసుక కలిసిన మట్టి ఆకురాయిలా పనిచేసింది. ఆ 6 మి.మీ. లెక్కను నేను అప్పటి నుంచి తప్పలేదు.

నేలను బట్టి

రిమ్, ఫ్రేము కలిసి ఒక హద్దు గీస్తాయి. ఆ హద్దు లోపల ఏది తీసుకోవాలో నేల చెబుతుంది.

ముందు ఒక అపోహ తీసేద్దాం. సన్న టైరే వేగం అని చాలామంది నమ్మకం. నున్నటి తారు మీద కూడా, ఒకే గాలి పీడనంలో రెండు టైర్లూ నేలను తాకే జాగా దాదాపు సమానం. సన్న టైరులో అది నిలువుగా పొడవుగా ఉంటుంది, లావు టైరులో అడ్డంగా వెడల్పుగా ఉంటుంది. పొడవుగా ఉన్నచోట టైరు ఎక్కువగా వంగి లేవాలి, ఆ వంగుడులోనే మన శక్తి కొంత పోతుంది. ఇక రాళ్ల దారిలో ప్రతి రాయికీ సన్న టైరు మనిషిని, సైకిల్‌ను కలిపి పైకి ఎత్తుతుంది. లావు టైరు రాయిని తనలోకి తీసుకుని దాటేస్తుంది. ఒకప్పుడు 2 ఇంచీల టైర్లతో పోటీపడిన క్రాస్‌కంట్రీ రేసర్లు ఇప్పుడు 2.4 దాకా రావడానికి కారణం ఇదే.

నిజానికి మౌంటెన్ బైక్ పుట్టిందే లావు టైరు మీద. 1933లో అమెరికాలో ష్విన్ కంపెనీ 2.125 ఇంచీల బెలూన్ టైర్ల సైకిళ్లు తెచ్చింది. అలాంటి పాత సైకిళ్లనే 1970లలో కాలిఫోర్నియాలోని మౌంట్ టామల్‌పైస్ వాలుల్లో కుర్రాళ్లు కిందికి దూకించారు. సన్న టైర్ల సైకిల్‌తో ఆ పని అయ్యేది కాదు.

మన దారులకు వద్దాం. అనంతగిరి అడవిలో ఎర్రమట్టి గట్టిగా ఉంటుంది, పైన చిన్న గులకరాళ్లు పరుచుకుని ఉంటాయి. బేరింగు గుండ్ల మీద నడిచినట్టు జారుతుంది. అక్కడ 2.25 నుంచి 2.4 బాగా పట్టు ఇస్తుంది. హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైట్ బండల మీద కూడా అంతే, గాలి తగ్గించుకోగలిగే వెడల్పు కావాలి. నల్లరేగడిలో వాన పడితే సన్నదే మేలు, 2.1 దాటవద్దు. అసలు ఆ రోజు అటు పోకపోవడమే ఉత్తమం. దారికీ మంచిది, రైతుకూ మంచిది.

ఏటి ఇసుక, సముద్రపు ఇసుక వేరే లోకం. 2.4 కూడా అందులో దిగబడుతుంది. అందుకోసమే 2005లో సర్లీ కంపెనీ 3.7 ఇంచీల టైర్లతో పగ్‌స్లీ అనే సైకిల్ తెచ్చింది, ఫ్యాట్ బైక్ జనంలోకి రావడం దాంతోనే మొదలు. ఇప్పుడు మన పట్టణాల్లో పిల్లలు 26 x 4.0 టైర్ల సైకిల్ కావాలని పట్టుబడుతున్నారు. తల్లిదండ్రులకు నా మాట: మీ ఊరికి ఇసుక తీరం లేకపోతే కొనకండి. బరువు ఎక్కువ, ఎక్కుడులో పిల్లాడు అలిసిపోయి సైకిల్ మీదే విసుగు తెచ్చుకుంటాడు.

ముళ్ల గురించి అడుగుతారు. పల్లేరు కాయకు, సర్కారు తుమ్మ ముల్లుకు టైరు వెడల్పుతో సంబంధం లేదు. దానికి మందు ట్యూబ్‌లెస్ సీలెంట్, అంటే ట్యూబ్ లేని టైరులో పోస్తే చిల్లిని మూసేసే ద్రవం; అది ఆరో పాఠం.

మనలో చాలామంది మట్టిదారి చేరడానికే ఇరవై ముప్పై కిలోమీటర్లు తారు మీద తొక్కుతారు. వాళ్లకు నేను ధైర్యంగా చెప్పేది 2.1 లేదా 2.25, నడిమి బటన్లు దగ్గర దగ్గరగా ఉన్న రకం. 2.6 టైరు దీనికంటే సుమారు 150 నుంచి 200 గ్రాములు ఎక్కువ బరువు. చక్రం అంచున ఉన్న బరువు గనక మిట్ట ఎక్కిన ప్రతిసారీ తెలుస్తుంది.

మీ బరువు, ముందు వెనక

2.1 నుంచి 2.4కు వెళ్తే వెడల్పు 14 శాతమే పెరుగుతుంది గానీ లోపల పట్టే గాలి సుమారు 30 శాతం పెరుగుతుంది. అందుకే లావు టైరులో తక్కువ పీడనంతోనే బరువు నిలుస్తుంది. 85 కిలోలు దాటినవాళ్లు రిమ్, ఫ్రేము ఒప్పుకుంటే ఒక మెట్టు పైకి వెళ్లండి. 55 కిలోల లోపు వాళ్లకు 2.4 అనవసరపు మోత.

రెండు చక్రాలకూ ఒకే వెడల్పు ఉండాలని లేదు. ఒకటే మార్చే డబ్బు ఉంటే ముందుది మార్చండి. వెనక చక్రం జారితే కాలు ఆనించి నిలబడొచ్చు, ముందుది జారితే పడటమే. ముందు 2.35, వెనక 2.25 నాకు నచ్చిన జోడీ. వెనక ఖాళీ తక్కువగా ఉండే ఫ్రేములకు కూడా ఇదే దారి.

ఈ వారం పని

నోటుబుక్కులో నాలుగు అంకెలు రాయండి: టైరు మీది మి.మీ. అంకె, నిజంగా కొలిస్తే వచ్చిన వెడల్పు, రిమ్ లోపలి వెడల్పు, చైన్‌స్టే దగ్గర రెండు పక్కల్లో ఇరుకైన వైపు ఖాళీ. ఆ ఖాళీ 10 మి.మీ. ఉందనుకోండి, 6 వదిలితే ఒక్కో పక్క 4 మిగులుతుంది. అంటే టైరు ఇంకో 8 మి.మీ. పెరగొచ్చు, రిమ్ ఒప్పుకుంటేనే. ఖాళీ 7 ఉంటే మీ టైరు వెడల్పు ఇప్పటికే సరైనది, కొత్తది కొనకండి.

వచ్చే పాఠం గాలి పీడనం. సైకిల్ పంపు, వీలైతే పీడనం చూపే గేజ్ సిద్ధం చేసుకోండి. ఈ నాలుగు అంకెలున్న పేజీ కూడా కావాలి.