గాయని కోసం టికెట్ కొనండి, వెనక వరుస కోసం కూర్చోండి

ఇటలీలో చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు పెరూజాలో మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు, జులై దగ్గరపడుతుంటే అడిగే ప్రశ్న ఒకటే: "అక్కా, ఈ జాజ్ కచేరీలకు వెళ్తే మాకేమైనా అర్థమవుతుందా?" అవుతుంది. కాకపోతే మొదటిసారే ముగ్గురు నలుగురు వాయించే చిన్న బృందం దగ్గరకు వెళ్ళకండి. బిగ్ బ్యాండ్, అంటే పదిహేడు మంది దాకా ఉండే పెద్ద జాజ్ బృందం వాయిస్తూ, దానితో అతిథిగా ఒక గాయనో గాయకుడో పాడే కచేరీ చూసుకోండి. సినిమా పాటలు వింటూ పెరిగిన చెవి ముందు గొంతునే వెతుక్కుంటుంది. ఇక్కడ అది దొరుకుతుంది. అయితే ఆ గొంతు దగ్గరే ఆగిపోతే మీ డబ్బు సగం దండగ. మిగతా సగం రాబట్టుకోవడం ఎలాగో చెబుతాను.

ముందు కచేరీ ఎంపిక. పోస్టరు మీద 'ఆర్కెస్ట్రా' అని మాత్రమే ఉంటే వయొలిన్ల బృందం కూడా కావచ్చు. 'బిగ్ బ్యాండ్' అనో 'జాజ్ ఆర్కెస్ట్రా' అనో ఉందేమో చూడండి. మా ఊళ్ళో జులైలో జరిగే ఉంబ్రియా జాజ్ ఉత్సవం 1973లో మొదలైంది. తొలి ఏడాదే అమెరికా నుంచి థాడ్ జోన్స్, మెల్ లూయిస్‌ల బిగ్ బ్యాండ్ వచ్చి వాయించింది. ఇప్పుడు పెద్ద కచేరీలు సాంతా జూలియానా మైదానంలో టికెట్ మీద జరుగుతాయి. కార్దూచ్చి తోటలోనూ, నవంబరు 4 చౌకులోనూ ఉచితంగా వినవచ్చు. చలికాలంలో ఇదే ఉత్సవం ఒర్వియేతోకు తరలి వెళ్తుంది. దక్షిణాన ఉన్నవారికి పలెర్మోలో బ్రాస్ గ్రూప్ వారి సిసిలీ జాజ్ ఆర్కెస్ట్రా ఉంది. ఇవేవీ అందుబాటులో లేకపోతే మీ ఊరి సంగీత కళాశాలలో అడగండి. ఇటలీలో చాలా కళాశాలల్లో జాజ్ విభాగం ఉంటుంది, విద్యార్థుల బ్యాండు కచేరీకి తరచు టికెట్ ఉండదు. తప్పులు వాయిస్తారు, నిజమే. కానీ ప్రాణం పెట్టి వాయిస్తారు.

సీటు విషయంలో నా మాట వినండి. గుర్రపునాడా ఆకారంలో కట్టిన పాత ఇటాలియన్ నాటకశాలలో మొదటి వరుస కొనకండి. అక్కడ శాక్సఫోన్లు మొహం మీద మోగుతాయి, ట్రంపెట్లు నెత్తి మీదుగా వెళ్ళిపోతాయి. 'ప్లాతేయా' అనే కింది అంతస్తులో సగం దాటిన తరువాత, మధ్యలో కూర్చుంటే అన్నీ సమంగా వినిపిస్తాయి. డబ్బు తక్కువైతే కుడి వైపు బాల్కనీ గది తీసుకోండి. పియానో, డ్రమ్స్ మామూలుగా మనకు ఎడమ వైపున ఉంటాయి కాబట్టి కుడి నుంచి చూస్తే డ్రమ్మరు చేతులు కనబడతాయి. ఆ గదుల్లో వెనక కుర్చీ చవకగా వస్తోందంటే అక్కడి నుంచి వేదిక సరిగా కనిపించదని అర్థం.

రాత్రి 9 గంటలు అని వేసిన కచేరీ 9.15కు మొదలైతే ఆశ్చర్యపోకండి. ముందే ఏదైనా తినేసి వెళ్ళండి. శాకాహారులకు పెరూజాలో 'తోర్తా అల్ తెస్తో' ఉంది. పెనం మీద కాల్చిన మందపాటి రొట్టె అది. ఆకుకూర, చీజ్ పెట్టించుకోండి.

బిగ్ బ్యాండ్ కచేరీలో గాయని సాధారణంగా మొదటే రాదు. ముందు రెండు మూడు రచనలు బ్యాండు ఒక్కటే వాయిస్తుంది. మన వాళ్ళు ఆ సమయంలోనే ఫోను తీస్తారు. తీయకండి, మీ అసలు పాఠం అప్పుడే. ముందు వరుసలో 5 శాక్సఫోన్లు: 2 ఆల్టోలు, 2 టెనర్లు, ఒక చివర లావుపాటి బారిటోన్. వాటి వెనక 4 ట్రాంబోన్లు. అన్నిటికన్నా వెనక, ఎత్తు మీద 4 ట్రంపెట్లు. పియానో, గిటారు, బాస్, డ్రమ్స్ కలిపితే మొత్తం 17 మంది. వారిలో లీడ్ ట్రంపెట్ ఎవరో కనిపెట్టండి. పై స్వరాలు వాయించేది ఆ మనిషే. ఎక్కడ ఊపిరి ఆపాలి, స్వరాన్ని ఎంతసేపు పట్టాలి అన్నది మిగతా ఇత్తడి వాద్యాల వారంతా ఆ మనిషిని బట్టే తేల్చుకుంటారు. పాపం, సోలో మాత్రం చాలాసార్లు పక్కన కూర్చున్నవారికి వెళ్తుంది.

తరువాత లెక్క. చాలా పాటలు 32 బార్లు, అంటే 32 తాళపు కొలతలు, ఒక్కో బారుకు 4 దెబ్బలు. ఆ 32 ఎనిమిదేసి బార్ల నాలుగు భాగాలుగా ఉంటాయి. ఒకటి, రెండు, నాలుగు దాదాపు ఒకేలా సాగుతాయి, మూడోది పక్కదారి పట్టి తిరిగి వస్తుంది. మధ్యస్థ వేగంలో ఈ చుట్టుకు దాదాపు నిమిషం. సోలో వాయించేవారు ఏ పోకడలు పోయినా ఆ చుట్టు లోపలే పోతారు. మూడో భాగం వచ్చినప్పుడు గుర్తుపట్టగలిగితే చాలు, ఆ రాత్రికి మీరు ఉత్తీర్ణులు. చప్పట్లు కొట్టాలనిపిస్తే రెండో దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద కొట్టండి. ఆదితాళం అలవాటైన చెయ్యి ఒకటి మీదకే పరుగెత్తుతుంది, బిగపట్టండి. చుట్టూ ఉన్న ఇటాలియన్లు ఒకటి, మూడు మీద చరుస్తుంటే వారిని అనుసరించవద్దు. సోలో ముగియగానే పాట మధ్యలోనే చప్పట్లు కొట్టడం మాత్రం మర్యాదే.

ఇక గాయని వచ్చింది. అతిథి కాబట్టి బ్యాండుతో కలిసి సాధన చేసింది చాలాసార్లు ఆ మధ్యాహ్నమే అయి ఉంటుంది. అందుకే ఆమె చేతులు చూడండి. నెత్తి మీద తట్టిందంటే మళ్ళీ పాట మొదటికి వెళ్దామని. పిడికిలి బిగించి చూపిందంటే ముగిద్దామని. ఆమె ఒక వాక్యం పాడి ఊపిరి పీల్చుకునే చోట ట్రాంబోన్లు ఏం చేస్తున్నాయో వినండి. కథ చెప్పేవారికి ఊకొట్టినట్టు రెండు మూడు స్వరాలు పలికి తప్పుకుంటాయి. ఎక్కడ ఊకొట్టాలి, ఎక్కడ నోరు మూసుకోవాలి అని ముందే కాగితం మీద రాసిపెట్టిన స్వరరచయిత పేరు పోస్టరు మీద కనిపించడం అరుదు. నాకు ఇదొక్కటే కోపం. నెమ్మది పాటల్లో ట్రంపెట్ల ముందు రబ్బరు గిన్నెలు కదులుతుంటే నవ్వుకోండి. అవి సింకులో నీరు ఆగిపోతే వాడేవే, కర్ర తీసేసి వాడతారు. ఆమె పాడటం ఆపి పక్కకు జరిగాక 17 మందీ ఒక్కసారిగా విరుచుకుపడే ఘట్టం ఉంటుంది, దాన్ని షౌట్ కోరస్ అంటారు. అప్పుడు ఆమెను కాదు, డ్రమ్మరును చూడండి. ప్రతి పోటుకూ ముందు రంగం సిద్ధం చేసేది అతనే.

పాటల్లో బహుశా 'ఎస్తాతే' ఉంటుంది. బ్రూనో మార్తీనో 1960లో చేసిన పాట, వేసవి అంటే నాకు అసహ్యం అని. 1977లో బ్రెజిల్ గాయకుడు జొఆఁ జిల్బెర్తో పాడాక ప్రపంచమంతా పాడుకుంది. జులై ఉక్కలో దాన్ని వింటూ ఐస్‌క్రీమ్ తినేవారిని చూస్తే నాకు నవ్వు వస్తుంది. 1930ల, 40ల ఇటాలియన్ స్వింగ్ పాట ఒకటి ఎత్తుకుంటే పక్కనున్న ముసలాయన గొంతు కలుపుతాడు, విసుక్కోకండి. ముసొలినీ కాలంలో విదేశీ పేర్లు గిట్టక అమెరికా జాజ్ విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను లుయీజీ బ్రాచ్చోఫోర్తేగా మార్చారు. అమెరికన్ ధోరణిలో పాడుతున్నాడని ఇటాలియన్ గాయకుడు నతలీనో ఒత్తోను ప్రభుత్వ రేడియో దూరం పెట్టింది. ఆ పాటలు అలా బతికి బయటపడ్డవి.

కచేరీ చివర ఇంకో పాట కావాలంటే ఇటలీలో "బిస్! బిస్!" అని అరుస్తారు. మీరూ అరవండి, కానీ అస్సీసీ, ఫోలీన్యో వైపు వెళ్ళేవారు చివరి రైలు వేళ ముందే చూసుకోండి. రైలుకు సమయం ఉండి, కచేరీ చిన్న నాటకశాలలో జరిగి ఉంటే కాసేపు ఆగండి. గాయని చుట్టూ సెల్ఫీల గుంపు ఉంటుంది. బాస్ ట్రాంబోన్ వాయించినాయన ఒంటరిగా పెట్టె సర్దుకుంటూ ఉంటాడు. ఆయన దగ్గరకు వెళ్ళి, ఈ రాత్రి అన్నిటికన్నా కష్టమైన పేజీ ఏదో చూపించమని అడగండి.