గల్ఫ్ స్కూల్లో చేరాక బట్టలతో తిప్పలు: ఎక్కడ తేడా కొడుతోంది, ఎలా సరిచేసుకోవాలి

సూట్‌కేసు తెరిచేముందు ఒక్క పని చేయండి. ఆఫర్ లెటర్ పంపిన హెచ్.ఆర్.కే మెయిల్ పెట్టి, స్టాఫ్ డ్రెస్ కోడ్ ఉన్న పేజీ పంపమని అడగండి. రెండు లైన్ల మెయిల్. కొత్తగా వచ్చే టీచర్లకు ఈ మాట చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. షార్జాలో ఉన్న పిన్నికూతుర్ని అడుగుతారు, యూట్యూబ్‌లో వెతుకుతారు, షాపింగ్‌కి నాలుగు రోజులు తిరుగుతారు, చేరబోయే స్కూల్ని మాత్రం అడగరు.

ఒకే ఊళ్లో రెండు సి.బి.ఎస్.ఇ. స్కూళ్లకే పొంతన ఉండదు. ఒకచోట రోజూ చీర. ఇంకోచోట చుడీదార్‌కి ఓకే, కానీ చున్నీ రెండు భుజాల మీదా పిన్ను పెట్టాలి. మరోచోట ప్యాంటు, ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, పైన కోటు. స్టాఫ్ యూనిఫాం చీరలు స్కూలే ఇచ్చేచోట మీరు మోసుకెళ్లిన పది చీరలూ దీపావళి దాకా పెట్టె దిగవు. సౌదీలో బయట అబాయా (బట్టల మీద వేసుకునే, ఒళ్లంతా కప్పే వదులు గౌను) విషయంలో పట్టు సడలినా, స్కూల్ లోపల వేసుకోమనే యాజమాన్యాలు ఉన్నాయి. వీటిలో మీది ఏదో తెలియకుండా టైలర్ దగ్గరికి వెళ్లకండి. కింద రాసిన సమస్యల్లో సగం ఈ మెయిల్‌తోనే పోతాయి.

సమస్య: ఎయిర్‌పోర్టులోనే బ్యాగ్ తెరిపించారు

కారణం బట్టలు కాదు, వాటి మధ్యలో అమ్మ సర్దిన పొట్లాలు. గసగసాలు యు.ఏ.ఇ.లో, సౌదీలో నిషేధం. మనకది మసాలా దినుసు, వాళ్లకు మత్తుమందు మొక్క గింజ. విడి గసగసాలే కాదు, అవి కలిపి నూరిన కూర పొడి కూడా వద్దు. ఎండు కొబ్బరి చిప్పలు, హారతి కర్పూరం, అగ్గిపెట్టె ఇక్కడ మన ఎయిర్‌పోర్టులోనే తీసేస్తారు, అవి మంట అంటుకునే సరుకు కింద లెక్క. దేవుడి సామాను సర్దేది సాధారణంగా అత్తగారో అమ్మో కాబట్టి ఆ సంచి మీరే ఒకసారి విప్పి చూసుకోండి.

మందుల సంగతి ఇంకా జాగ్రత్త. కోడీన్ ఉన్న దగ్గు సిరప్, ట్రమడాల్ ఉన్న నొప్పి మాత్ర అక్కడ కంట్రోల్డ్ మందులు, అంటే అనుమతి లేకుండా తీసుకెళ్లకూడనివి. నిద్రమాత్రలు, ఆందోళన తగ్గించే మాత్రలు వాడేవాళ్లు ముందే అక్కడి ఆరోగ్య శాఖ అనుమతి తీసుకోవాలి, యు.ఏ.ఇ.కి ఇది ఆన్‌లైన్‌లోనే అవుతుంది. బి.పి., షుగర్, థైరాయిడ్ మాత్రలైనా స్ట్రిప్పులు కత్తిరించి డబ్బాలో పోయకండి. డాక్టరు చీటీతో, అసలు ప్యాకింగ్‌తో పెట్టుకోండి.

ఆవకాయ చెకిన్ బ్యాగులోనే వెళ్లాలి, చేతిసంచిలో పెడితే ఆపేస్తారు. పచ్చళ్ల షాపులో సీల్ వేయించినా సరే, దాన్ని స్కూలు బట్టలున్న పెట్టెలో పెట్టొద్దు. నూనె కారిందంటే మొదటి వారం బట్టలన్నీ పోయినట్టే.

డిగ్రీ, బి.ఎడ్. ఒరిజినల్స్, అటెస్టేషన్ కాగితాలు, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఫొటోలు, ఒక జత స్కూలు బట్టలు, ఇవి చేతిసంచిలో. పెట్టె రెండు రోజులు ఆలస్యమైనా మొదటి రోజు డ్యూటీ ఆగకూడదు.

సమస్య: ఒంటి నిండా బట్ట ఉంది, అయినా మాట పడింది

అసలు ఈ వ్యాసం రాస్తున్నది దీని కోసమే. దీని మూలం దొరకడానికి చాలా తల బద్దలు కొట్టుకోవాల్సి వచ్చింది, ఎందుకంటే కారణం ఇదని ఎవరూ విడమర్చి చెప్పరు. సూపర్‌వైజర్ పిలిచి, "మేడమ్, డ్రెస్ కోడ్ ఒకసారి చూసుకోండి" అని ముగిస్తుంది. చెప్పడానికి ఆవిడకీ మొహమాటమే. మనవాళ్లు ఇంటికి వెళ్లి రూల్స్ చదువుతారు. చీర అన్నారు, చీరే కట్టాను. చేతులు మోచేతి దాకా ఉన్నాయి. మరి తప్పేంటి? రంగు ఎక్కువైందేమో అని లేత రంగు చీర కడతారు. మూడు వారాల తర్వాత మళ్లీ అదే మాట. ఇక "ఆవిడకి నేనంటే పడదు" అని తేల్చేస్తారు, స్టాఫ్‌రూమ్‌లో మాటలు తగ్గిపోతాయి.

తేడా ఎక్కడంటే, మనం బట్టలు చూసుకునేది అద్దం ముందు, చేతులు కిందికి వదిలేసి, నిటారుగా నిలబడి. టీచర్ రోజులో అలా నిలబడేది ఎంతసేపు? అసెంబ్లీలో జాతీయగీతం అప్పుడు. మిగతా టైమంతా వీపు పిల్లల వైపు, చెయ్యి పైకి. బోర్డు పైఅంచున తేదీ, క్లాసు, పాఠం పేరు రాయడానికి చెయ్యి పూర్తిగా ఎత్తగానే జాకెట్టు పైకి లేస్తుంది. దాని అంచుకీ వెనక నడుము దగ్గర చీర దోపిన చోటుకీ మధ్య నాలుగు వేళ్ల మేర వీపు బయటపడుతుంది. ఇంటి దగ్గర అదొక విషయమే కాదు, పెద్దావిడలు అలానే కడతారు. అక్కడ క్లాసులో వెనక బెంచీలో పదో తరగతి అబ్బాయిలు ఉంటారు, ఫిర్యాదు ఏ తల్లి నుంచో వస్తుంది.

కుర్తా వేసుకునేవాళ్లకూ ఇదే లెక్క. చెయ్యి ఎత్తితే పక్క చీలికలు నడుము దాకా లేస్తాయి, కింద ఉన్నది లెగ్గింగ్ అయితే తొడ ఆకారం మొత్తం తెలుస్తుంది. మగవాళ్లు నవ్వుకోకండి, టక్ చేసిన చొక్కా రెండో పీరియడ్‌కే వెనక నుంచి ఊడి, బనియన్ కనబడుతూ ఉంటుంది. ఆ సంగతి మీకు తప్ప క్లాసంతటికీ తెలుసు.

పరీక్ష ఇంట్లోనే చేసుకోండి. గోడ వైపు తిరిగి, చెయ్యి అందినంత ఎత్తులో వేలితో తేదీ రాయండి. వెనక నుంచి ఎవరైనా ఫోన్‌లో వీడియో తీయాలి. ఫోన్ నిలబడ్డ మనిషి ఎత్తులో కాదు, కుర్చీలో కూర్చున్న పిల్లాడి కళ్ల ఎత్తులో పట్టుకోవాలి, తేడా అంతా అక్కడే. తర్వాత ఇటు తిరిగి, ఒక పక్క డెస్కు మీదికి వంగి కాపీ దిద్దుతున్నట్టు చేయండి. మెడ ఎంత దిగుతుందో, చున్నీ ఎటు జారుతుందో వీడియోలో తెలిసిపోతుంది. చివరగా, పగటి కిటికీకి వీపు పెట్టి నిలబడండి. ఇప్పుడు చాలా క్లాసుల్లో స్మార్ట్ బోర్డులే, దాని వెలుతురు మీ వెనక నుంచి వస్తుంది. జార్జెట్, పల్చటి వాయిల్, సన్న నేత వెంకటగిరి చీర మామూలు గదిలో నిండుగా కనిపించినా ఆ వెలుతురు ముందు నిలవవు. మంగళగిరి, పోచంపల్లి కాటన్లు నిలుస్తాయి, కానీ పొద్దున్న ఇస్త్రీకి ఓపిక ఉండాలి.

సరిచేయడం తేలిక, ఊళ్లో ఉండగానే అయితే. టైలర్‌కి జాకెట్టు మామూలు కొలత కన్నా రెండు మూడు అంగుళాలు పొడుగు కుట్టమని చెప్పండి. ఫ్యాషన్ పోతుందని ఆయన గొణుగుతాడు, గొణగనివ్వండి. వీపు మెడ పైకి, తాళ్లూ కుచ్చులూ వద్దు, చేతులు మోచేయి దాటాలి. లోపల కుట్టు మార్జిన్ దండిగా వదిలించుకోండి, మొదటి ఏడాది అక్కడ నడక తగ్గుతుంది, బిర్యానీ పెరుగుతుంది. చీర బొడ్డుకి పైన కట్టి, పైట కుచ్చెళ్లు పెట్టి భుజం మీద పిన్ను, వెనక నడుము దగ్గర ఇంకో పిన్ను. కుర్తాలైతే చీలిక మొదలయ్యే చోటు ఒక జానెడు కిందికి దింపమనండి, లెగ్గింగ్ బదులు స్ట్రెయిట్ ప్యాంటు. చొక్కాలు కొనేటప్పుడు పొడుగు చూసి కొనాలి, భుజాలు ఒక్కటే కాదు.

ఇప్పటికే వెళ్లిపోయినవాళ్లు కొత్త బట్టలకు డబ్బు తగలేయకండి. మార్జిన్ లేని జాకెట్టు అడుగున అదే రంగు పట్టీ వేయించండి, దుబాయ్‌లో అయితే బర్‌దుబాయ్ మీనా బజార్‌లో మనవాళ్ల కుట్టు తెలిసిన టైలర్లు ఉన్నారు. కుర్తా చీలికలకైతే సూది, దారం చాలు, రాత్రి కూర్చుని మీరే నాలుగు అంగుళాలు కుట్టేయొచ్చు. తర్వాత మళ్లీ వీడియో తీయండి. సూపర్‌వైజర్ మేడమ్‌తో పాత కోపం కూడా ఉంటే అదీ వదిలేయండి, ఆవిడ తప్పేం లేదు.

సమస్య: బయట 42 డిగ్రీలు, నాకేమో జలుబు, గొంతు నొప్పి

ఎండ దెబ్బ అనుకుని మజ్జిగ తాగుతారు. కారణం ఏ.సి. గల్ఫ్‌లో ఉద్యోగం అంటే ఎండలో ఉద్యోగం అనుకుని పల్చటి కాటన్లే సర్దుకుంటారు, తీరా చూస్తే ఇంటి నుంచి బస్సు, బస్సు నుంచి స్కూలు, రోజంతా ఏ.సి.లోనే. సెంట్రల్ ఏ.సి. రిమోట్ మీ చేతిలో ఉండదు, టీచర్ టేబుల్ సరిగ్గా చల్లగాలి వచ్చే వెంట్ కింద వేసి ఉంటుంది. పొడిగాలిలో ఆరు పీరియడ్లు గొంతెత్తి చెబితే గొంతు పోక ఏమవుతుంది?

ముందు టేబుల్ రెండడుగులు జరపండి, ఇది కూడా చాలామందికి తట్టదు. నలుపో నేవీ బ్లూనో ముందు గుండీలున్న కార్డిగన్ ఒకటి స్కూల్లోనే ఉంచుకోండి. నీళ్ల సీసా టేబుల్ మీద, దాహం వేసేదాకా ఆగకుండా తాగాలి. ఉన్ని స్వెటర్లు మోసుకెళ్లక్కర్లేదు, అలా అని ఏమీ లేకుండా వెళ్లొద్దు. డిసెంబర్, జనవరిలో పొద్దున్నే బస్సు కోసం నిలబడితే దుబాయ్‌లో కూడా వణుకు పుడుతుంది. రియాద్, కువైట్ అయితే సరైన జాకెట్ కావాలి, అక్కడ చలి మన హైదరాబాద్ చలి కన్నా గట్టిది.

సమస్య: సాయంత్రానికి మడమలు కింద పెట్టలేకపోతున్నా

పొద్దుటి నుంచీ గట్టి టైల్స్ మీద, పల్చటి అట్ట చెప్పుల్లో నిలబడితే అంతే. వెనక పట్టీ ఉన్న, మెత్తటి సోల్ ఉన్న నల్ల బూట్లు రెండు జతలు, రోజు మార్చి రోజు. కొత్తవి ఇంటి దగ్గరే రెండు వారాలు వాడి తీసుకెళ్లండి. నెల దాటినా తగ్గకపోతే డాక్టరుకి చూపించాలి.

సమస్య: పెట్టె నిండా బట్టలే, రోజూ కట్టుకోవడానికి మాత్రం ఏమీ లేవు

పెళ్లికి సర్దినట్టు సర్దారు కాబట్టి. స్కూలుకి ఆరు జతలు చాలు, ఉతికితే తొందరగా ఆరేవి, ఇస్త్రీ అడగనివి అయితే మేలు. గంజి పెట్టే కాటన్లు రెండుకి మించొద్దు. బట్టలు బయటికి కనిపించేలా బాల్కనీలో ఆరేస్తే దుబాయ్, అబుదాబి మున్సిపాలిటీలు జరిమానా వేస్తాయి, గదిలో స్టాండు మీదే ఆరాలి. పట్టుచీర పండక్కి ఒక్కటి. లోపలి లంగాలు, జాకెట్టు గుడ్డలు, ఫాల్ కుట్టించిన చీరలు ఇక్కడి నుంచే తీసుకెళ్లండి, అక్కడ కుట్టుకూలి చూస్తే గుండె ఆగుతుంది. టవల్స్, దుప్పట్లు, కుక్కర్ లాంటివి బరువు దండగ, అక్కడి లులూ సూపర్‌మార్కెట్లలో దొరకనిది లేదు. ఎంత బరువు అనుమతో ఎవరినీ అడగొద్దు, మీ టికెట్ మీదే రాసి ఉంటుంది.

మిక్సీ తీసుకెళ్లేవాళ్లకు: ప్లగ్ అక్కడ మూడు పలక పిన్నులది, అడాప్టర్ కావాలి. యు.ఏ.ఇ.లో వోల్టేజీతో ఇబ్బంది లేదు.

ఇంకొన్ని

జుట్టు రాలడం నీళ్ల వల్లే అని కుళాయిలకు ఫిల్టర్లు కొంటారు, ముందు మూడు నెలలు ఆగి చూడండి. ఐ.డి. కార్డు తాడుకి మెడ మీద దద్దుర్లు వస్తే కాలర్ పైన వేసుకోండి. రంజాన్‌లో బట్టలు ఇంకాస్త నిండుగా ఉండాలి, ఉపవాసం ఉన్న పిల్లల ఎదుట తినడం, తాగడం వద్దు. ఆ నెలలో స్కూలు టైమింగ్స్ కూడా మారతాయి కాబట్టి సర్క్యులర్ చదవండి.