ఆటోమేటిక్ కారు డి (డ్రైవ్)లో వేసినా వెంటనే కదలట్లేదా? ముందు గేర్‌బాక్స్ ఆయిల్ లెవెల్ చూడండి

పొద్దున స్టార్ట్ చేసి డిలో వేస్తే రెండు సెకన్లు ఉలుకూ పలుకూ ఉండదు, తర్వాత ధబ్‌మని అందుకుంటుంది. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజన్ మోత పెరుగుతుంది గానీ బండి లాగదు. ఈ రెండూ చెప్పగానే షెడ్డులో వచ్చే మాట ఒకటే: "గేర్‌బాక్స్ దించాలి సార్." అప్పుడే దించనివ్వకండి. ఎంతమందికి చెప్పినా స్కానర్ పెట్టించి, సొలినాయిడ్ (గేర్‌బాక్స్‌లో ఆయిల్ దారులు తెరిచి మూసే కరెంటు వాల్వ్) మార్పించి, డబ్బులన్నీ అయ్యాక ఆయిల్ లెవెల్ చూసేవాళ్లే ఎక్కువ.

ఇదంతా టార్క్ కన్వర్టర్ (ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించేది) ఉన్న ఆటోమేటిక్‌ల గురించి. మీది ఏఎంటీ అయితే లోపల ఉన్నది మాన్యువల్ గేర్‌బాక్సే, దాని లెక్క వేరు. సీవీటీకి (గేర్లకు బదులు బెల్టుతో నడిచేది) సీవీటీ ఆయిలే పోయాలి, మామూలు ఆటోమేటిక్ ఆయిల్ పనికిరాదు.

గేర్‌బాక్స్‌కు డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) ఉన్న బండి అయితే పని సులువు. ఓ పది పదిహేను కిలోమీటర్లు నడిపి, చదునైన చోట ఆపి, బ్రేక్ తొక్కి అన్ని గేర్లూ ఓసారి తిప్పి పి (పార్క్)లోకి తేవాలి. ఇంజన్ ఆన్‌లోనే ఉంచి 'హాట్' గుర్తు దగ్గర చూడాలి. కొన్ని కంపెనీల బండ్లకు మాత్రం ఇంజన్ ఆపి చూడమంటారు, మీ మాన్యువల్‌లో ఓసారి చూసుకోండి. లెవెల్ తక్కువుంటే ఆయిల్ ఎటు పోయిందో వెతకండి. ఆయిల్ ఆవిరైపోదు. పాన్ (గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) గాస్కెట్టో, ఆయిల్ కూలర్ పైపో కారుతూ ఉంటుంది.

"మొన్ననే ఆయిల్ మార్పించాను"

జనం ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. ఆయిల్ మార్చిన వారానికి సమస్య మొదలైనా, కొత్త ఆయిలే కదా అని దాన్ని ఎవరూ అనుమానించరు.

ఇప్పటి చాలా బండ్లకు డిప్‌స్టిక్ ఉండదు, లెవెల్ ప్లగ్ ఉంటుంది. ఇంజన్ నడుస్తుండగా, ఆయిల్ ఓ నిర్ణీత వేడి మీద ఉన్నప్పుడు ప్లగ్ తీస్తే, ఎక్కువైనది కారిపోయి సరైన లెవెల్ మిగులుతుంది. ఆ వేడి టయోటా ఆరు గేర్ల బాక్సుల్లో చాలావాటికి 40 డిగ్రీల చుట్టుపక్కల, హ్యుందాయ్ ఆరు గేర్లవాటికి 50-60 డిగ్రీలు. ఇక మే నెల మధ్యాహ్నం కూకట్‌పల్లి ట్రాఫిక్ దాటుకుని వచ్చిన బండిలో ఆయిల్ 80 దాటి ఉంటుంది. వేడికి ఆయిల్ పొంగుతుంది. ఏడు లీటర్ల ఆయిల్ 40 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే సుమారు 200 మిల్లీలీటర్లు పెరుగుతుంది. ప్లగ్ తీయగానే ఆ పొంగిందంతా బయటికి వస్తుంది. "కారింది కదా, లెవెల్ సరిపోయింది" అని బిగించేస్తారు. రాత్రికి చల్లారాక లోపల ఆయిల్ తక్కువ. పొద్దున పంపు గాలి పీలుస్తుంది. మధ్యాహ్నం షెడ్డుకు తీసుకెళ్తే ఆయిల్ మళ్లీ పొంగి ఉంటుంది, బండి బుద్ధిగా నడుస్తుంది, మెకానిక్ మీ వంక వింతగా చూస్తాడు.

దీనికి తోడు సెల్లార్‌లో లెవెల్ చూడటం. కడిగిన నీళ్లు పోవడానికి చాలా అపార్ట్‌మెంట్లలో నేలకు వాటం పెడతారు, కంటికి తెలియదు. డోర్ కింది అంచు మీద స్పిరిట్ లెవెల్ పెట్టి చూడండి. ముందు చక్రాలు మాత్రమే జాకీ మీద లేపి లెవెల్ చూస్తే అది అసలు లెవెలే కాదు.

సరిగ్గా చేయాలంటే బండి చల్లగా ఉన్నప్పుడు, పొద్దున్నే మొదలుపెట్టండి. నాలుగు వైపులా స్టాండ్లు వేసి సమానంగా లేపండి. ముందు వదులు చేయాల్సింది ఆయిల్ పోసే ప్లగ్. అది ఊడి రాకపోతే పాత ఆయిల్ దించే డ్రెయిన్ ప్లగ్ జోలికి వెళ్లొద్దు. పాతది దించేసి మళ్లీ పోయలేక బండిని టోయింగ్ ఎక్కించినవాళ్లు ఉన్నారు. దిగిన ఆయిల్‌ను లీటర్ సీసాల్లో కొలిచి, దానికి ఓ అర లీటరు ఎక్కువే పోయండి. ఇంజన్ స్టార్ట్ చేసి, బ్రేక్ మీద కాలుంచి, ఒక్కో గేర్‌లో రెండు మూడు సెకన్లు ఆపుతూ తిప్పండి. ఓబీడీ రీడర్‌లో (బండి కంప్యూటర్‌కు తగిలించి అంకెలు చూసే పరికరం) గేర్‌బాక్స్ ఆయిల్ వేడి చూడండి, ఇంజన్ కూలెంట్ వేడి కాదు. సరైన అంకె రాగానే లెవెల్ ప్లగ్ తీయండి. ధార సన్నబడి చుక్కలుగా మారినప్పుడు కొత్త వాషర్‌తో బిగించండి. ఏమీ రాకపోతే ఇంకా పోయాలి. ఈ ప్లగ్ పద్ధతిలో ఇంజన్ ఆపి మాత్రం చూడొద్దు. పంపు పైకి లాగిన ఆయిలంతా పాన్‌లోకి దిగి లెక్క తప్పుతుంది.

మిగతా లక్షణాలు

50-60 స్పీడులో యాక్సిలరేటర్ మీద తేలిగ్గా కాలు పెట్టినప్పుడు సన్నగా వణుకుతోందంటే చాలాసార్లు ఆయిల్ పాతదై ఉంటుంది, లేదా రకం తప్పు. రాణిగంజ్ దుకాణాల్లో ఆయిల్ కొనేటప్పుడు ఎర్రగా ఉందని తీసుకోకండి, డబ్బా మీద మీ బండి స్పెక్ చూడండి: టయోటాకు డబ్ల్యూఎస్, హ్యుందాయ్‌కి ఎస్‌పీ-4, ఇలా. ఒక్కసారి మార్చితే దాదాపు సగమే మారుతుంది, మిగతాది కన్వర్టర్‌లో ఉండిపోతుంది. అందుకే రంగు మళ్లీ నల్లబడిందని టెన్షన్ పడొద్దు. వెయ్యి కిలోమీటర్ల తర్వాత ఇంకోసారి మార్చండి.

ఆయిల్ రోజ్ మిల్క్‌లా కనిపిస్తే మాత్రం ఇంజన్ ఆపేయండి, బండిని లాక్కెళ్లాల్సిందే. రేడియేటర్ లోపలి కూలర్ పగిలి కూలెంట్ కలిసి ఉంటుంది, లేదా వాననీళ్లలో బండి మునిగినప్పుడు బ్రీదర్ (గేర్‌బాక్స్‌కు గాలి ఆడే రంధ్రం) గుండా నీళ్లు దిగి ఉంటాయి. మాడు వాసనతో, పాన్‌లో నల్లటి రజను పేరుకుని కనిపిస్తే క్లచ్ ప్లేట్లు అయిపోయినట్టే, కొత్త ఆయిల్ వాటిని బతికించదు. సొలినాయిడ్, వాల్వ్ బాడీ (ఆయిల్‌ను ఒక్కో గేర్‌కు మళ్లించే భాగం) లాంటివి తర్వాతి మాట. లెవెల్ సరిచేసి ఓ వారం నడిపాక కూడా గేర్ జారుతుంటేనే వాటి సంగతి చూడొచ్చు.