పార్టీ టికెట్ లేకుండా కార్పొరేటర్‌గా పోటీ చేయడం ఎలా?

2020 గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికల తేదీలు ఒకసారి గుర్తు చేసుకుందాం. నవంబరు 17న షెడ్యూలు వెలువడింది. 18 నుంచి 20 వరకు నామినేషన్లు, 22న ఉపసంహరణ. 29 సాయంత్రానికి మైకులు మూగబోయాయి. డిసెంబరు 1న పోలింగ్. గుర్తు చేతికొచ్చాక స్వతంత్ర అభ్యర్థికి దక్కింది వారం రోజులే. పార్టీ అభ్యర్థి గుర్తు ఇంటింటికీ ఎప్పుడో తెలుసు. మీ గుర్తు మీకే ఉపసంహరణ ముగిశాక గానీ తెలియదు. అందుకే పార్టీ అండ లేనివారి ప్రచారం నోటిఫికేషన్‌కు కనీసం ఏడాది ముందే మొదలవ్వాలి. ఆ చివరి వారం గుర్తు చెప్పుకోవడానికి మాత్రమే.

1. ముందు లెక్క తేల్చుకోండి

అప్పటి గ్రేటర్‌లో 150 డివిజన్లు (వార్డులు), సుమారు 74 లక్షల ఓటర్లు. అంటే డివిజన్‌కు సగటున 50 వేల మంది. ఓటేసినవారు 46.55 శాతమే కాబట్టి పెట్టెలో పడ్డవి 23 వేల ఓట్లు. ముక్కోణపు పోటీ అయితే తొమ్మిది, పదివేల ఓట్లతో గట్టెక్కవచ్చు. చిన్న పట్టణంలో సంగతి వేరు. అక్కడ పోలింగ్ ఎక్కువ, వార్డు చిన్నది. రెండు వేల మంది ఓటర్లున్న వార్డులో 70 శాతం పోలైతే ఆరేడు వందల ఓట్లకు గెలుపు దక్కుతుంది. మన ఇళ్లలో పెళ్లి భోజనానికి అంతకంటే ఎక్కువ మందే వస్తారు.

మీ వార్డులో గత ఎన్నికల ఫలితాన్ని పోలింగ్ కేంద్రాలవారీగా సంపాదించండి. అంతా మన వార్డే అనుకుని తిరిగితే కాళ్ల నొప్పులే మిగులుతాయి. మీకు కావాల్సిన ఓట్లు ఏ వీధుల నుంచి రావాలో కాగితం మీద రాసుకోండి.

2. ఓటర్ల జాబితాతో కూర్చోండి

నా దృష్టిలో అసలు ప్రచారం ఇదే. ఫ్లెక్సీకి పెట్టే డబ్బుతో జాబితా ప్రతులు తీయించండి.

పురపాలక ఎన్నికలకు శాసనసభ ఓటర్ల జాబితానే వార్డులవారీగా విడదీస్తారు. అందులోని తప్పులు ఇక్కడికీ వస్తాయి. పదేళ్ల కిందట పోయిన తాతగారి పేరు ఉంటుంది, నిరుడు పద్దెనిమిది నిండిన మనవరాలి పేరు ఉండదు. భార్య ఓటు ఒక బడిలో, భర్త ఓటు మరో బడిలో. పోలింగ్ కేంద్రానికి ఒక నోటు పుస్తకం, వీధికి ఒక బాధ్యుడు చొప్పున పెట్టుకుని ప్రతి పేరునూ ఇంటి దగ్గర సరిచూడండి. కొత్త ఓటుకు ఫారం 6, చిరునామా మార్పుకూ సవరణలకూ ఫారం 8, తొలగింపునకు ఫారం 7. వార్డులవారీ ముసాయిదా వచ్చినప్పుడు సరిహద్దు వీధులను మరీ జాగ్రత్తగా చూడండి. ఒక అపార్ట్‌మెంట్ మొత్తం పక్క వార్డులోకి జారిపోయినా ఎవరూ గమనించరు. అభ్యంతరాలకు ఇచ్చే గడువు కొద్ది రోజులే.

ఓటు రాయించిన మనిషిని ఆ ఇల్లు మరచిపోదు. ఆ పేరుతో గడప తొక్కితే మాట కలపడానికి కారణం వెతుక్కోనక్కర్లేదు.

3. ఒక్క సమస్యను పట్టుకోండి

కార్పొరేటర్ చేతిలో ఏముందో ముందు తెలుసుకోవాలి. కాలనీ రోడ్లు, వాననీటి కాలువలు, చెత్త, వీధిదీపాలు, పార్కులు నగరపాలక సంస్థవి. హైదరాబాద్‌లో తాగునీరు జలమండలిది, కరెంటు విద్యుత్ పంపిణీ సంస్థది. ఇళ్లు, పింఛన్లు ఇప్పిస్తానని మాటిస్తే మీరూ అందరిలాంటివారే అయిపోతారు.

వానాకాలంలో మునిగే ఒక వీధిని ఎంచుకోండి. ఫిర్యాదు చేసి ఆ నంబరు దాచండి. ఆ కాలువ పూడికకు ఎంత బిల్లు చెల్లించారో సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలని 2005 నాటి ఆ చట్టం చెబుతోంది. వచ్చిన జవాబును వీధి చివరి టీ కొట్టు దగ్గర నలుగురికీ చదివి వినిపించండి. పది హామీల కరపత్రం కంటే ఆ ఒక్క కాగితం గురించే జనం ఎక్కువ మాట్లాడుకుంటారు.

4. గడప దగ్గర ఎలా మాట్లాడాలి?

మొదటి విడతలో ఓటు అడగవద్దు. "మన వీధిలో మొదట బాగుపడాల్సింది ఏమిటండీ?" అని అడిగి, చెప్పింది వాళ్ల ఎదుటే రాసుకోండి. ఇద్దరేసి వెళ్లండి, అందులో ఒకరు మహిళ అయితే తలుపులు తేలికగా తెరుచుకుంటాయి. ఇరవై మంది గుంపుగా వెళితే ఇంటివారు పలకరించి పంపేస్తారు తప్ప మనసులో మాట చెప్పరు. అపార్ట్‌మెంట్లకు ఆదివారం ఉదయం, బస్తీలకు పనుల నుంచి తిరిగొచ్చాక సాయంత్రం. వాచ్‌మన్‌ను, ఇస్త్రీ బండి ఆయనను దాటుకుని వెళ్లిపోకండి. వాళ్లూ ఓటర్లే కావచ్చు. పైగా ఎవరు ఇల్లు మారారో వాళ్లకు తెలిసినంతగా కాలనీ సంఘం అధ్యక్షుడికి కూడా తెలియదు.

బయటికొచ్చాక పేరు పక్కన గుర్తు పెట్టండి: మనవారు, ఊగిసలాడేవారు, రానివారు. రానివారితో వాదన వద్దు, నమస్కారం చాలు. ఊగిసలాడేవారి ఇంటికి రెండోసారి, మూడోసారి వెళ్లండి.

డబ్బు ప్రశ్న తప్పక వస్తుంది. "వాళ్లిచ్చేది తీసుకుని ఓటు నాకు వేయండి" అనే మాట చాలామంది వాడతారు. నాకది నచ్చదు. నోటు తీసుకున్నవారిలో చాలామంది మాటకు కట్టుబడతారు, ఆ కట్టుబాటును మనమే వెక్కిరించినట్టవుతుంది. "నేను ఇవ్వలేను, ఇవ్వను" అని మొదటి రోజే చెప్పేయడం మేలు.

5. రిజర్వేషన్‌కు సిద్ధంగా ఉండండి

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పురపాలికల సీట్లలో సగం మహిళలకు. దానికితోడు ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్లు. మీ వార్డు ఎవరికి దక్కుతుందో ఎన్నికల ముంగిట గానీ తేలదు. అందువల్ల జట్టును ఒక్క మనిషి చుట్టూ కట్టవద్దు. పోటీకి తగినవారు ఇద్దరు ముగ్గురు మొదటి నుంచీ ఇంటింటికీ తిరుగుతూ ఉండాలి. మహిళకు కేటాయిస్తే భార్య పేరుతో నామినేషన్ వేసి భర్త ఓట్లడగడం మనకు అలవాటైన దృశ్యమే. ఏడాదిగా వీధులు తిరిగిన మహిళ మీ జట్టులో ఉంటే ఆ అవస్థ రాదు.

6. నామినేషన్

అభ్యర్థికి 21 ఏళ్లు నిండాలి. ప్రతిపాదించేవారు ఆ వార్డు ఓటరై ఉండాలి. కేసులు, ఆస్తులు, చదువు వివరాలతో ప్రమాణపత్రం ఇవ్వాలి, ఏ గడినీ ఖాళీగా వదలకండి. 2020 గ్రేటర్‌లో డిపాజిట్ 5,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 2,500. ఖర్చు పరిమితి 5 లక్షలు. ఈ మొత్తాలు మారుతుంటాయి కనుక రిటర్నింగ్ అధికారి దగ్గర తాజా వివరం రాయించుకోండి. చివరి రోజు దాకా ఆగకండి, కాగితంలో లోపం దొరికితే దిద్దుకునే వ్యవధి ఉండాలి.

గుర్తు విషయంలో ఒక మాట. రోడ్డు రోలర్ వంటివి తమ కారు గుర్తును పోలి ఉన్నాయని అప్పటి టీఆర్ఎస్ ఎన్నికల సంఘానికి ఫిర్యాదు చేసింది. అంత పెద్ద పార్టీకే ఆ భయం ఉన్నప్పుడు మీరూ గుర్తును తేలిగ్గా తీసుకోకూడదు. అవ్వ కూడా ఒక్క మాటలో చెప్పగలిగిన వస్తువును కోరుకోండి.

7. ఆ వారం, ఆ రోజు

కరపత్రంలో గుర్తు బొమ్మ పెద్దగా, బ్యాలెట్‌పై మీ వరుస సంఖ్య దాని పక్కనే ఉండాలి. ముద్రించినవారి, ప్రచురించినవారి పేరు, చిరునామా మరవద్దు. మీ పుస్తకంలోని "మనవారు" ఇళ్లకు ఓటరు చీటీలు ముందురోజుకే చేరాలి.

పోలింగ్ నాడు అభ్యర్థి ఊరేగనక్కర్లేదు. వీధి మనుషులను ముఖం చూసి గుర్తుపట్టే ఏజెంటు లోపల, జాబితాలో పేర్లు కొట్టేసే మనిషి బయట ఉంటే చాలు. మధ్యాహ్నం రెండు గంటలకు ఇంకా రానివారి పేర్లు తీసి ఫోన్లు చేయండి. 2020లో బీఎన్ రెడ్డి నగర్ డివిజన్ ఫలితం 32 ఓట్ల తేడాతో తేలింది. ఒక్క అపార్ట్‌మెంట్‌లో భోంచేసి నిద్రపోయినవారి సంఖ్య అది.

ఒంటరిగా గెలిచి ఏం చేస్తావని అడిగేవారికి 2021లో ఆంధ్రప్రదేశ్‌లోని తాడిపత్రి పురపాలిక లెక్క చెప్పండి. 36 వార్డుల్లో టీడీపీకి 18, వైసీపీకి 16, సీపీఐకి ఒకటి, స్వతంత్రుడికి ఒకటి. ఆ ఒక్క సీటు కోసం రెండు పక్షాలూ ఎలా చూశాయో ఊహించుకోవచ్చు.

గెలిచినా ఓడినా ఒక పని మిగులుతుంది. ఖర్చు లెక్కలను రసీదులతో సహా 45 రోజుల్లో అప్పగించాలి. ఇవ్వకపోతే మూడేళ్లు అనర్హత వేటు పడవచ్చు. నామినేషన్ నాటి నుంచే విడిగా ఒక బ్యాంకు ఖాతా, ఒక ఖర్చుల పుస్తకం పెట్టుకుని, టీ డబ్బులు కూడా ఏ రోజువి ఆ రోజే రాయండి.