స్లీవా, బైపాసా? ముందు మీ జబ్బుల చిట్టా రాసుకోండి

మా పిన్ని కూతురు బరువు తగ్గడానికి పొట్టను చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ చేయించుకుని ఏడాదిలో 38 కిలోలు తగ్గింది. పెళ్లిలో దాన్ని చూసినవాళ్లంతా నావైపు తిరిగి "నువ్వూ అదే చేయించుకోవే" అన్నారు. అప్పటికి నా బరువు 104 కిలోలు, ఎత్తు 156 సెంటీమీటర్లు, తొమ్మిదేళ్లుగా షుగరు. రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగం. లాకర్ గదికి నాలుగు మెట్లు దిగాలంటే మోకాళ్లు పట్టేసేవి. రాత్రిళ్లు రెండు దిళ్లు వేసుకుని పడుకునేదాన్ని. లేదంటే పుల్లటి నీళ్లు గొంతులోకి తన్నుకొచ్చేవి.

మొదట వెళ్లిన ఆసుపత్రిలో ఆ దిళ్ల సంగతి ఎవరూ అడగలేదు. బరువు చూశారు, ఎత్తు చూశారు, ప్యాకేజీ కాగితం చేతిలో పెట్టి "స్లీవ్, వచ్చే గురువారం" అన్నారు. అడ్వాన్సు కట్టేముందు ఇంకొకరిని కూడా అడుగుదామని మావారు పట్టుబట్టి విశాఖ తీసుకెళ్లారు. అక్కడి సర్జన్ అడిగిన మొదటి మాట: "రాత్రి ఎలా పడుకుంటారమ్మా?" మర్నాడు పొద్దున్నే ఎండోస్కోపీ, అంటే నోట్లోంచి కెమెరా గొట్టం పంపి పొట్టను చూసే పరీక్ష. రిపోర్టులో రెండు విషయాలు తేలాయి. పొట్ట పైభాగం 3 సెంటీమీటర్ల మేర ఛాతీలోకి జారింది, దాన్ని హయాటస్ హెర్నియా అంటారు. అన్నవాహిక అడుగున యాసిడ్ వల్ల పుండ్లు. "మీకు స్లీవ్ చేస్తే ఈ మంట పెరుగుతుంది, బైపాస్ అయితే తగ్గుతుంది" అన్నారాయన. ఇంట్లో బైపాస్ అనగానే మా అత్తగారు గుండెకనుకుని ఏడ్చేశారు. ఇది పొట్టకు, పేగుకు చేసే బైపాస్ అని చెప్పి ఒప్పించడానికి వారం పట్టింది.

ఆపరేషన్ అయి నాలుగేళ్లు. అప్పట్నుంచి ఎవరు ఫోన్ చేసినా మొదట "ఎన్ని కిలోలు తగ్గారు?" అనే అడుగుతారు. నేను మాత్రం వాళ్ల జబ్బులేంటో అడుగుతాను. ఏ ఆపరేషనో తేల్చేది డాక్టరే, కానీ తేల్చడానికి ఆయనకు కావలసిన సంగతులు మన నోటినుంచే రావాలి.

ముందు బీఎంఐ లెక్క, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె. మీ బరువును కిలోల్లో వేసి, ఎత్తును మీటర్లలో పెట్టి రెండుసార్లు భాగించండి. 104ను 1.56తో రెండుసార్లు భాగిస్తే నాకు 42.7 వచ్చింది. షుగరు, బీపీ లాంటివి ఉంటే 32.5, ఏవీ లేకపోయినా 37.5 దాటితే ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చని మన సర్జన్లు చాలాకాలంగా చెబుతున్నారు. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు ఈ అంకెను ఆసియావాళ్లకు 27.5 దాకా దించాయి. మనవాళ్లకు కాస్త బరువు పెరిగితేనే పొట్టచుట్టూ కొవ్వు చేరి షుగరు పట్టుకుంటుంది, అందుకని.

ఇన్సూరెన్సువాళ్ల లెక్క మాత్రం వేరు. బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ నిబంధన ప్రకారం బీఎంఐ 40 ఉండాలి. లేదా 35 దాటి, దాంతోపాటు అదుపులోకి రాని టైప్ 2 షుగరో, గుండెజబ్బో, తీవ్రమైన స్లీప్ ఆప్నియానో (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) ఉండాలి. అంతకుముందు మామూలు పద్ధతుల్లో ప్రయత్నించి తగ్గలేదని కూడా చూపించాలి. వెయిటింగ్ పీరియడ్ పూర్తయిందో లేదో పాలసీలో చూసుకోండి. డాక్టరు సరేనన్నా కంపెనీ కాదనే సందర్భాలుంటాయి కాబట్టి, మీ పాత డైటీషియన్ చీటీలు, షుగరు రిపోర్టులు ఒక్కటీ పారేయకండి. నా ఫైలు ఆమోదం పొందింది ఆరేళ్ల పాత చీటీల వల్లే.

ఇప్పుడు ఆపరేషన్ల సంగతి. మన దగ్గర ఎక్కువగా చేసేవి మూడు, మూడూ చిన్న రంధ్రాలు పెట్టి ల్యాప్రోస్కోపీతోనే చేస్తారు.

స్లీవ్‌లో పొట్టను నిలువుగా కోసి, నాలుగింట మూడొంతులకు పైగా తీసేస్తారు. మిగిలేది అరటికాయలాంటి సన్నటి గొట్టం. పేగుల జోలికి వెళ్లరు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది తీసేసిన ఆ భాగంలోనే కనుక ఆకలీ తగ్గుతుంది. ఇబ్బందల్లా, గొట్టం సన్నగా ఉండటంతో లోపల ఒత్తిడి పెరుగుతుంది, యాసిడ్ పైకి తన్నుతుంది. తీసేసిన పొట్ట మళ్లీ రాదు.

బైపాస్‌లో పొట్ట పైన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి కడతారు. దగ్గుమందు సీసా మీద ఉండే 15 మిల్లీలీటర్ల కొలత మూతతో రెండు మూతలంటే ఎంతో చూడండి, అంతే. మిగతా పొట్టను తీసేయరు, లోపలే పక్కన ఉంచుతారు. చిన్నపేగును కోసి ఒక కొస పైకి తెచ్చి ఈ సంచికి కలుపుతారు, ఇంకో కొసను కింద పేగుకే అతుకుతారు. తిన్నది పెద్ద పొట్టనూ, పేగు మొదటి భాగాన్నీ తగలకుండా కిందకు వెళ్తుంది. యాసిడ్ తయారయ్యే భాగం దారిలో లేదు, పైత్యరసం కలిసేది బాగా కింద. నా మంట ఆపరేషన్ అయిన వారానికే తగ్గింది, ఇప్పుడు ఒక్క దిండు మీదే పడుకుంటున్నాను.

మినీ బైపాస్‌లో సంచి పొడుగ్గా ఉంటుంది, పేగును ఒక్కచోటే అతుకుతారు. తొందరగా అవుతుంది, షుగరు మీద బాగా పనిచేస్తుంది. కానీ పైత్యరసం సంచిలోకి, అక్కణ్నుంచి అన్నవాహికలోకి ఎగదన్నే అవకాశం ఉంది. నాలాగా ఎండోస్కోపీలో పుండ్లు కనిపించినవాళ్లకు దీన్ని మా సర్జన్ వద్దనే చెబుతారు. పేగు మరీ పొడుగ్గా దాటవేస్తే విరేచనాలు, పోషకాల లోపం ఎక్కువవుతాయి. మీకు ఎన్ని సెంటీమీటర్లు దాటవేస్తారో అడగండి.

ఇవి కాక, పొట్టలో పెట్టి ఉబ్బించే బెలూన్ ఉంది, దాన్ని సాధారణంగా ఆరు నెలలకు తీసేస్తారు, తీశాక బరువు తిరిగొచ్చేవాళ్లే ఎక్కువ. పొట్టకు బ్యాండ్ వేయడం దాదాపు మానేశారు. 2025 మార్చిలో మన దేశానికి షుగరునూ బరువునూ తగ్గించే మౌంజారో ఇంజెక్షన్ వచ్చింది. బీఎంఐ 30 చుట్టుపక్కల ఉన్నవాళ్లు ముందు దాని గురించి డాక్టర్ని అడగడం మంచిదే, కాకపోతే ఆపేస్తే పోయిన బరువులో చాలావరకు తిరిగొస్తుంది.

ఇక మీ చిట్టా. ఒక కాగితం తీసి రాయండి.

మొదటి వరస యాసిడ్. వారానికి ఎన్నిసార్లు మంట వస్తుంది, యాసిడ్ తగ్గించే ప్యాంటోప్రజోల్ మాత్ర ఎన్నేళ్లుగా వేసుకుంటున్నారు, పడుకుంటే దగ్గు వస్తుందా? ఫిన్లాండ్‌లో 240 మందికి స్లీవ్ గానీ బైపాస్ గానీ చేసి పదేళ్లు వెంబడించారు. పదేళ్ల తర్వాత ఎండోస్కోపీ చేస్తే స్లీవ్‌వాళ్లలో 31 శాతానికి అన్నవాహికలో పుండ్లు కనిపించాయి, బైపాస్‌వాళ్లలో 7 శాతానికే. బరువు సంగతి చూస్తే, ఉండాల్సినదానికన్నా ఎక్కువున్న బరువులో స్లీవ్‌వాళ్లు 43.5 శాతం, బైపాస్‌వాళ్లు 50.7 శాతం తగ్గి ఉన్నారు. అంటే కిలోల్లో తేడా కొంచెమే, మంటలో తేడా చాలా. అందుకే ఎండోస్కోపీ చేయకుండా స్లీవ్‌కు తేదీ ఇచ్చే చోటికి ఎవరినీ వెళ్లమని నేను చెప్పను.

రెండో వరస షుగరు. ఎన్నేళ్లయింది, ఇన్సులిన్ ఉందా, మూడు నెలల సగటు (హెచ్‌బీఏ1సీ) ఎంత? రెండు ఆపరేషన్లూ షుగరును తగ్గిస్తాయి, చాలామంది సర్జన్లు షుగరు ఎక్కువున్నవాళ్లకు బైపాస్ వైపు మొగ్గుతారు. షుగరు వచ్చి ఎక్కువేళ్లు అయితే, ఇన్సులిన్ దాకా వెళ్తే, పూర్తిగా పోయే అవకాశం తగ్గుతుంది. నా హెచ్‌బీఏ1సీ 9.1 నుంచి 6.2కు వచ్చింది, ఇన్సులిన్ పోయింది, ఒక మెట్‌ఫార్మిన్ మాత్రం మిగిలింది. తొమ్మిదేళ్లు ఆగకుండా మూడో ఏటే వచ్చి ఉంటే ఆ మాత్రా మిగిలేది కాదేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

మూడోది మీరు రోజూ మింగే నొప్పి మాత్రలు. ఇది చాలామంది చెప్పరు, అవి మందుల కిందకే రావనుకుంటారు. మా మరిదికి బీఎంఐ 38, వెన్ను బిగుసుకుపోయే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ ఉంది. నొప్పి మాత్ర లేకుండా పొద్దున మంచం దిగలేడు. "వదినకు చేసిందే నాకూ చేయండి" అంటూ వెళ్లాడు. డైక్లోఫినాక్, ఐబూప్రోఫెన్ లాంటివి బైపాస్ అతుకు దగ్గర పుండు పుట్టిస్తాయి, అది రక్తస్రావం దాకా, చిల్లు పడేదాకా పోవచ్చు. అతనికి యాసిడ్ బాధ లేదు, ఎండోస్కోపీ శుభ్రంగా వచ్చింది, స్లీవ్ చేశారు. స్లీప్ స్టడీలో తీవ్రమైన ఆప్నియా తేలింది, బీఎంఐ 40కి తక్కువైనా ఇన్సూరెన్స్ వచ్చింది దానివల్లే. ఒకే ఇంట్లో ఇద్దరికి రెండు ఆపరేషన్లు, రెండూ సరైనవే.

సిగరెట్టు, చుట్ట, ఖైనీ కూడా ఆ వరసలోనే రాయండి. పొగ మానలేనివాళ్లకు బైపాస్ అతుకు దగ్గర అదే పుండు వచ్చే ప్రమాదం ఎక్కువ. మందు తాగే అలవాటుంటే దాచకండి. పొట్ట ఆపరేషన్ తర్వాత తాగింది త్వరగా, ఎక్కువగా ఎక్కుతుంది.

నాలుగోది మీ తిండి. తీపి మీద ప్రాణం ఉంటే బైపాస్ ఒక కాపలా లాంటిది, బాధపెట్టే కాపలా. మొదటి సంక్రాంతికి మా అమ్మ చేసిన అరిసెలో సగం తిన్నాను. ఇరవై నిమిషాల్లో గుండె దడ, చెమటలు, కడుపులో మెలిక. మంచం మీద ముడుచుకుని గంటసేపు పడుకున్నాను. దీన్ని డంపింగ్ అంటారు, అందరికీ ఒకేలా రాదు. అమ్మ ఆ ఏడాది మిగతా అరిసెలు పక్కింటికి పంపేసింది.

ఐదోది మాత్రల క్రమశిక్షణ. స్లీవ్ అయినా బైపాస్ అయినా విటమిన్లు జీవితాంతం ఉంటాయి. ఐరన్, బి12, కాల్షియం, విటమిన్ డి తప్పవు, బైపాస్‌లో ఇంకా గట్టిగా వేసుకోవాలి. నా డబ్బీలో పొద్దున ఐరన్, కాఫీకి దూరంగా. కాల్షియం రెండు గంటలు ఆగాకే, రెండూ కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటికి పట్టదు. "నాకు బీపీ మాత్ర వేసుకోవడం కూడా గుర్తుండదు, ఏడాదికి రెండుసార్లు రక్తపరీక్షకూ వెళ్లలేను" అనేవాళ్లు ఆ మాట సర్జన్‌తో అనాలి. పెళ్లయి పిల్లలు కావాలనుకునే అమ్మాయిలు కూడా ముందే చెప్పాలి. ఆపరేషన్ అయ్యాక ఏడాది నుంచి ఏడాదిన్నర గర్భం రాకుండా చూసుకోమంటారు.

కాగితం చేతిలో పట్టుకుని సర్జన్ దగ్గరికి వెళ్లినప్పుడు అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది: మీరు స్లీవ్, బైపాస్ రెండూ క్రమం తప్పకుండా చేస్తారా? ఒక్కటే చేసేవారు ఆ ఒక్కటే సరైనదంటారు. అర్ధరాత్రి జ్వరం, గుండె దడ, కడుపునొప్పి వస్తే ఫోన్ ఎవరెత్తుతారో కూడా అడగండి. మొదటి రోజుల్లో అవి కుట్ల దగ్గర లీకేజీకి గుర్తు కావచ్చు. డైటీషియన్ ఆపరేషన్ ముందు ఒక్కసారి కనిపించి మాయమయ్యేవారా, ఏడాదిపాటు పలికేవారా అన్నదీ తెలుసుకోండి. నాకు మూడో నెలలో జుట్టు గుప్పెళ్లతో రాలినప్పుడు, ప్రోటీన్ ఎంత తగ్గిందో పెసరట్లు లెక్కపెట్టి చెప్పింది ఆవిడే.

తర్వాతి జాగ్రత్తల్లో రెండే చెబుతాను, ప్రాణం మీదకు వచ్చేవి కనుక. వాంతులు రోజుల తరబడి ఆగకపోతే ఇంట్లో మజ్జిగతో సరిపెట్టకండి. బి1 తగ్గి నరాలు దెబ్బతింటాయి, ఆసుపత్రికి వెళ్లాల్సిందే. బైపాస్ అయినవాళ్లకు ఏళ్ల తర్వాతైనా హఠాత్తుగా మెలితిప్పే కడుపునొప్పి వస్తే పేగు లోపల ఇరుక్కుని ఉండొచ్చు. మామూలు గ్యాస్ అని ఇంజెక్షన్ చేయించుకుని ఇంటికి వచ్చేయకూడదు. నా పర్సులో ఏటీఎం కార్డు వెనక ఒక లామినేషన్ కార్డు ఉంటుంది. దాని మీద నా పొట్ట బొమ్మ, ఆపరేషన్ పేరు, తేదీ, నొప్పి మాత్రలు వద్దన్న గమనిక. ఏ ఊళ్లో ఏ డాక్టరు చూసినా అర్థమవ్వాలని.

నా బరువు 67 దాకా దిగి, ఇప్పుడు 71 దగ్గర నిలబడింది.

మీరు ఇంకా ఏదీ తేల్చుకోకపోతే ఎండోస్కోపీతో మొదలుపెట్టండి. ముందురాత్రి నుంచి ఏమీ తినకూడదు కాబట్టి పొద్దున మొదటి టోకెన్ అడగండి. షుగరు మందు ఆ పూట వేసుకోవాలో మానాలో ముందురోజే కనుక్కోండి. రిపోర్టుతో పాటు ఫొటోలు కూడా అడిగి తెచ్చుకోండి, రెండో సర్జన్‌కు చూపించడానికి పనికొస్తాయి.