బ్యాటరీ చెయ్యి తొడిగే ముందు: మహారాష్ట్రలోని సిరొంచ, చంద్రపూర్ ఎండలకు జాగ్రత్తలు

బ్యాటరీ చెయ్యి అంటే మిగిలిన చేతి కండరం ఇచ్చే సిగ్నల్‌తో కదిలే కృత్రిమ చెయ్యి. మొదట దాని స్విచ్ ఆఫ్ చేయండి. ఆన్‌లో ఉండగా తొడిగితే ఎలక్ట్రోడ్ (చర్మానికి ఆని కండరం సిగ్నల్ పట్టే బిళ్ల) ఒరుసుకుని వేళ్లు వాటంతటవే బిగుసుకోవచ్చు. ఒళ్లో పసిబిడ్డ ఉంటే ఇది మరీ ప్రమాదం.

చర్మం చూసుకోండి. నిన్న సాకెట్ (మిగిలిన చెయ్యి దూర్చే గట్టి తొడుగు) తీశాక 20 నిమిషాలకూ ఎర్రమచ్చ పోలేదంటే, పుండు ఉన్నా, ఇవాళ తొడగొద్దు.

కొబ్బరినూనె, పౌడరు అసలే వద్దు. కండరం ఇచ్చే సిగ్నల్ మిల్లీవోల్టుల్లోనే ఉంటుంది, ఆ పొర దాన్ని అడ్డుకుంటుంది. పూర్తిగా ఎండిన చర్మమూ పనికిరాదు. తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే చాలు. చెమట ధారకట్టినా సిగ్నల్ చెదురుతుంది, కాబట్టి మధ్యాహ్నం ఓసారి తీసి తుడవండి.

లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. మే నెలలో రేకుల ఇంట్లో పగలు పెట్టకండి, తెల్లవారుజామున పెట్టండి.

ఆన్ చేశాక ఖాళీగా 5 సార్లు తెరిచి మూయండి. తర్వాత పండిన టమాటా పట్టండి. అది చితికితే పట్టు ఎక్కువైనట్టే, అప్పుడు గాజుగ్లాసు జోలికి పోవద్దు. వేడి టీ ఈ చేతికి తెలియదు, రెండో చేత్తో తాకి చూసుకోవాలి.

కృత్రిమ చేతి మీద ఉండే గ్లవ్‌కు సూదిమొనంత చిల్లున్నా నీరు మోటారుదాకా పోతుంది. ప్రాణహితలో స్నానానికి దిగేముందు తీసేయండి. పీవీసీ గ్లవ్ మీద పసుపు మరక పడితే వదలదు.