చేలో బట్టమేక గుడ్డు పెడితే? రైతుతో కలిసి రక్షణ ప్రణాళిక వేసుకోవడం ఎలా

బట్టమేక పిట్ట (ఇంగ్లిష్‌లో గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) చెట్టెక్కదు, గూడు కట్టదు. ఉత్త నేల మీద, మామూలుగా ఒక్కటే గుడ్డు పెట్టి దాదాపు నాలుగు వారాలు పొదుగుతుంది. దేశం మొత్తం మీద ఇవి 150 కూడా లేవని అంచనా. దీని చుట్టమే అయిన నేల నెమలిదీ (లెస్సర్ ఫ్లోరికన్) ఇదే కష్టం. రాజస్థాన్‌లో అజ్మీర్ దగ్గర షోకలియా ప్రాంతంలో వానాకాలం వచ్చిందంటే మగ నేల నెమలి జత కోసం ఎగిరెగిరి దూకేది అడవిలో కాదు, రైతుల జొన్న, పెసర చేలల్లో. కాబట్టి ఇలాంటి జీవుల్ని కాపాడే ప్లాన్‌లో మొదటి పార్టీ అటవీశాఖ కాదు, పొలమున్న మనిషి. మీరు ఊళ్లో యువజన సంఘం నడిపేవారైనా, పక్షుల మీద ఇష్టంతో తిరిగేవారైనా, పంచాయతీ సభ్యులైనా ఈ పని మొదలుపెట్టొచ్చు.

1. పిట్ట క్యాలెండర్, పంట క్యాలెండర్ పక్కపక్కన రాయండి

ఒక తెల్లకాగితం తీసుకుని నెలలవారీగా గీతలు కొట్టండి. పైవరుసలో జీవి ఎప్పుడు జతకడుతుంది, ఎప్పుడు గుడ్డు పెడుతుంది, పిల్ల ఎప్పుడు నడుస్తుంది అన్నది రాయండి. కిందివరుసలో దుక్కి, విత్తనం, గుంటక తోలడం, కలుపు, మందు కొట్టడం, కోత. రెండూ ఎక్కడ ఢీకొంటాయో చూడండి. బట్టమేకకైనా నేల నెమలికైనా అసలు గండం వానాకాలంలోనే, అంటే ఖరీఫ్ పనులు ముమ్మరంగా సాగే రోజుల్లో. ఏడాది పొడుగునా పొలం వదిలేయమని అడగాల్సిన పనిలేదని ఈ కాగితం చూస్తే మీకే తెలిసిపోతుంది. అడగాల్సింది కొన్ని వారాలు, కొన్ని సెంట్లు.

గుడ్డు కనబడితే ముట్టుకోకండి. ఈ రెండు పిట్టలూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. గుడ్డు తీయడం, పాడుచేయడం నేరం. అటవీశాఖకు చెప్పండి. ఫొటో, లొకేషన్ మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. కెమెరాలు మోసుకొచ్చే జనంతోనే సగం గుడ్లు పాడవుతాయని నా అనుమానం.

2. పట్టా ఎవరిది, దున్నేదెవరు?

చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. పాసు పుస్తకంలో పేరు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉన్న కొడుకుది. పొలంలో ఉండేది కౌలు రైతు. ఒప్పందం పట్టాదారుతో చేసుకుని డబ్బు ఆయన ఖాతాలో వేస్తే, గుంటక ఆపాల్సిన మనిషికి పైసా రాదు. సర్వే నంబర్ వారీగా రెండు పేర్లూ రాసుకోండి. కాగితం మీద ఇద్దరి సంతకాలు తీసుకోండి, పంట నష్టం డబ్బు మాత్రం సాగుచేసే మనిషికే వెళ్లేలా రాయండి. విదేశంలో ఉన్న యజమానిని ఒప్పించడం ఒక్కోసారి తేలిక, ఒక వీడియో కాల్ చాలు. గట్టు పక్కన ఉండే మేకల కాపరిని మర్చిపోకండి. గుడ్డు ఎక్కడుందో అందరికంటే ముందు తెలిసేది ఆయనకే.

3. మొదటి మాట పిట్ట గురించి ఎత్తకండి

యూనిఫాం వేసుకున్న మనిషిని తీసుకెళ్లకండి, ప్రొజెక్టర్ కూడా వద్దు. సాయంత్రం పూట రచ్చబండ దగ్గర కూర్చుని, అడవి జంతువులతో పడే బాధలేమిటో చెప్పమనండి. గంటసేపు పందులు, జింకలు, కోతుల మీద తిట్లే వస్తాయి. రాసుకోండి. ఆ తర్వాత ఎవరో ఒకరు అసలు ప్రశ్న వేస్తారు: "మా చేన్లో పిట్టుందని రాసుకుంటే, రేపు గవర్నమెంటోళ్లు చేను లాక్కోరు గదా సార్?"

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. మధ్యప్రదేశ్‌లోని కరేరాలో బట్టమేక కోసం 1981లో సుమారు 200 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ప్రకటించారు. అందులో ఊళ్లు, పట్టా పొలాలు కూడా కలిసిపోయాయి. సొంత భూమి అమ్ముకోవడానికి కూడా వీల్లేకపోయింది. జనం పిట్టను శత్రువులా చూశారు. బట్టమేకలు అక్కడ కనుమరుగయ్యాయి. చివరికి ఆ అభయారణ్య హోదానే ఎత్తేశారు.

మన నంద్యాల జిల్లా రోళ్లపాడుది ఇంకో కథ. 1988లో ఏర్పడిన ఆ అభయారణ్యం విస్తీర్ణం 6.14 చదరపు కిలోమీటర్లు. బట్టమేకలు ఆ గీత దాటి చుట్టుపక్కల చేలల్లో మేసేవి. లోపల రక్షణ దొరికిన కృష్ణజింకలు పెరిగి, రైతుల పంటల మీద పడ్డాయి. జింక తిన్న పంటకు జవాబు చెప్పేవాళ్లు లేకపోతే ఆ కోపం పిట్ట మీదికే మళ్లుతుంది. మరోపక్క సాగునీరు వచ్చి మెట్ట పంటలు మారాయి, బీళ్లు దున్నేశారు. ఇప్పుడక్కడ బట్టమేక కనబడటమే గగనం. అందుకే మీ ప్లాన్‌లో జింకల సమస్యకు ఒక పేజీ ఉండాలి, అది బట్టమేక పేజీ కంటే ముందుండాలి.

పైన రైతు అడిగినదానికి నిజాయితీగా జవాబు చెప్పండి: పిట్ట కనబడినంత మాత్రాన భూమి పోదు. రిజర్వు ప్రకటించడం వేరే ప్రక్రియ. కానీ వేటకు, గుడ్డు తీయడానికి చట్టం ఎవరికీ మినహాయింపు ఇవ్వదు. మీ చేతిలో లేని హామీ ఒక్కటి ఇచ్చినా, ఆ ఊళ్లో మీ పని అయిపోయినట్టే.

4. లెక్క సెంట్లలో, బస్తాల్లో చెప్పండి

గుడ్డు చుట్టూ ఎంత దూరం వదలాలో పక్షి నిపుణులే చెప్పాలి. లెక్క తేలడానికి 20 మీటర్లు అనుకుందాం. 20 మీటర్ల వ్యాసార్థంతో గుండ్రంగా గీస్తే సుమారు 1,257 చదరపు మీటర్లు, అంటే 31 సెంట్లు. ఎకరాకు 8 బస్తాల జొన్నలు పండే చేనైతే పోయేది రెండున్నర బస్తాలు. "సంరక్షణ మండలం" అంటే ఎవరికీ ఎక్కదు. రెండున్నర బస్తాలు అంటే రైతు వెంటనే వేళ్ల మీద లెక్కేసి, "చొప్ప సంగతేంది మరి?" అంటాడు. నిజమే, చొప్పకూ ధర కట్టాలి. ట్రాక్టర్ చుట్టు తిప్పుకుని పోవడానికి పట్టే అదనపు డీజిల్, తీయకుండా వదిలిన కలుపు వచ్చే ఏడాది పెట్టే ఖర్చు కూడా కలపండి.

డబ్బు ఒకేసారి ఇవ్వకండి. గుడ్డు ఉందని చెప్పినప్పుడు కొంత, పిల్ల నడిచి వెళ్లిపోయాక మిగతాది. గుడ్డు చూపించినందుకే డబ్బంటే రోజుకు పదిమంది వెతుకుతూ తొక్కేస్తారు. కుక్కో నక్కో గుడ్డు తినేస్తే? రైతు తన మాట నిలబెట్టుకున్నాడు కాబట్టి పంట నష్టం పూర్తిగా ఇవ్వాల్సిందే.

5. కాగితం చిన్నదిగా ఉంచండి

రైతుతో ఒప్పందం రెండు పేజీలు, తెలుగులో. ఏ సర్వే నంబర్, ఏ వారాలు, ఏ పనులు ఆపాలి, ఎంత సొమ్ము, ఏ తేదీలోగా, ఎవరు వైదొలగొచ్చు. ముందు ఒక్క పంటకాలానికే రాసుకోండి.

అమెరికాలో అంతరించిపోయే జీవుల రక్షణకు తెచ్చిన 1973 చట్టం తర్వాత, భూమి మీద హక్కు పోతుందన్న ఇలాంటి భయమే పుట్టింది. ఒకరకం వడ్రంగి పిట్ట వచ్చి చేరితే ఆంక్షలు వస్తాయని కొందరు యజమానులు పైన్ చెట్లు ముదరకముందే కొట్టేశారు. 1995లో నార్త్ కరోలినాలో కొత్తరకం ఒప్పందం తెచ్చారు: సంతకం నాటికి ఎన్ని పిట్టలున్నాయో అంతవరకే బాధ్యత, ఆ తర్వాత పెరిగిన వాటి వల్ల అదనపు ఆంక్షలు ఉండవు. మన చట్టంలో అచ్చంగా అలాంటి వెసులుబాటు లేదు. కానీ అందులోని మర్మం పట్టుకోవచ్చు. ఈ ఏడాది బాగా చూసుకున్న రైతుకు వచ్చే ఏడాది షరతులు బిగించకండి.

మనకున్న గట్టి దారి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 36సి సెక్షన్. సొంత భూమిని యజమాని స్వచ్ఛందంగా ముందుకొచ్చి కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటింపజేసుకోవచ్చు. కర్ణాటకలోని కొక్కరె బెళ్లూరు ఇలాంటి రిజర్వే. అక్కడ ఇళ్ల మధ్య చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు పిల్లల్ని పెడతాయి. కాయ కోయకుండా వదిలేసినందుకు చెట్టు యజమానులకు అటవీశాఖ పరిహారం ఇస్తూ వచ్చింది. అయితే ఒక మాట ముందే చెప్పాలి: రిజర్వు అయ్యాక భూమి వాడకం మార్చాలంటే ఆ రిజర్వు నిర్వహణ కమిటీ తీర్మానం, రాష్ట్ర ప్రభుత్వ ఆమోదం కావాలి. ఇది దాచిపెట్టి సంతకం తీసుకోవద్దు. మొదటి ఏడాదే ఆ దారిలోకి పోవద్దనే నా సలహా.

6. డబ్బు, కాపలా

మొదటి పంటకాలానికి సరిపడా సొమ్ము చేతిలో పడ్డాకే రైతు దగ్గరికి వెళ్లండి. కంపెనీల సీఎస్సార్ (సామాజిక బాధ్యత) నిధులు అడగొచ్చు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం పంచాయతీలో ఉండాల్సిన జీవవైవిధ్య యాజమాన్య కమిటీ చాలాచోట్ల పేరుకే ఉంటుంది, దాన్ని కదిలించండి. కాపలాకు బయటివాళ్లకంటే ఊరి కుర్రాళ్లే మేలు. వాళ్ల మొదటి పని వీధికుక్కలు పొలాల్లోకి రాకుండా, చనిపోయిన పశువుల్ని అక్కడ పడేయకుండా చూడటం. కరెంటు తీగలు ఎటు పోతున్నాయో మ్యాపులో గుర్తుపెట్టుకోండి. బట్టమేక బరువైన పిట్ట, ఎగురుతున్నప్పుడు ఎదురుగా ఉన్న తీగ దానికి సరిగా కనబడదు. కొత్త లైన్ వస్తుందని తెలిస్తే స్తంభాలు పాతకముందే అర్జీ పెట్టాలి.

కోతలయ్యాక అదే రచ్చబండ దగ్గర లెక్కలు చదవండి: ఎవరికెంత ఇచ్చారు, ఎవరికి ఆలస్యమైంది, జింకలు ఎన్ని చేలు తిన్నాయి. పిట్ట రాని ఏడాది కూడా ఈ సమావేశం పెట్టండి. బీడు దున్నకుండా ఉంచిన రైతు ఉంటే, గుడ్డు లేకపోయినా ఆ బీడుకు ఒప్పుకున్న కౌలు డబ్బు మొత్తం ఆ రోజే అతని చేతికివ్వండి.